గ్రిజ్లీ వేట ఆగింది.. చావులు ఆగాయా? ఎలుగుబంటి తల చుట్టూ అమెరికా, కెనడాల్లో అసలేం జరుగుతోంది?

2018 జులై. అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో ఓ లాటరీ తీశారు. గెలిచినవాళ్లకు దక్కేది డబ్బు కాదు, కారు కాదు. గ్రిజ్లీ ఎలుగుబంటిని కాల్చి చంపే లైసెన్సు! ఆ రాష్ట్రంలో 44 ఏళ్ల తర్వాత అనుమతిచ్చిన మొదటి గ్రిజ్లీ వేట అది. మొత్తం 22 ఎలుగుల వరకు చంపొచ్చని అధికారులు లెక్క కట్టారు. దరఖాస్తులు మాత్రం దాదాపు 7 వేలు వచ్చిపడ్డాయి.

ఆ దరఖాస్తుల్లో ఒకటి ఎవరిదో తెలుసా? చింపాంజీల మీద పరిశోధనతో ప్రపంచానికంతా తెలిసిన జేన్ గుడాల్‌ది. 2025 అక్టోబర్‌లో 91 ఏళ్ల వయసులో కన్నుమూసిన ఆమె వేటాడే మనిషి కాదు. మరి వేట లైసెన్సు ఎందుకు? వాడకుండా దగ్గర పెట్టుకోవడానికి! జాక్సన్ పట్టణంలోని కొందరు మహిళలు 'షూట్ దెమ్ విత్ ఎ కెమెరా' పేరుతో ఈ ఉద్యమం మొదలుపెట్టారు. తుపాకీతో కాదు, కెమెరాతో షూట్ చేయండి అని దాని అర్థం. వేటను వ్యతిరేకించేవాళ్లంతా లాటరీలో పాల్గొనండి, గెలిస్తే లైసెన్సు ఫీజు మేం విరాళాలు పోగుచేసి కడతాం అన్నారు.

చిత్రంగా ఆ లాటరీలో థామస్ మాంగెల్సెన్ పేరు వచ్చింది. ఆయన దశాబ్దాలుగా గ్రిజ్లీల ఫొటోలు తీస్తున్న ప్రఖ్యాత వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్. ఎల్లోస్టోన్ చుట్టుపక్కల కీలకమైన ప్రాంతంలో వేటకు వయోమింగ్ ఒక పద్ధతి పెట్టింది. ఒకసారి ఒక్క వేటగాడే వెళ్లాలి, ఒక్కొక్కరికి 10 రోజులు. ఒక్క ఆడ ఎలుగు చనిపోయినా అక్కడ వేట మొత్తం బంద్. అంటే లైసెన్సు వచ్చిన మనిషి కెమెరా పట్టుకుని వెళితే, ఆ 10 రోజులు ఎలుగులకు గండం తప్పినట్టే. నిబంధనను బద్దలు కొట్టకుండా, నిబంధనతోనే వేటను అడ్డుకోవాలన్న ఆలోచన అది.

అంతవరకూ రానేలేదు. సెప్టెంబర్ 1న వేట మొదలవ్వాలి. సరిగ్గా రెండు రోజుల ముందు, ఆగస్టు 30న, మోంటానాలోని ఫెడరల్ జడ్జి డానా క్రిస్టెన్సన్ స్టే ఇచ్చారు. సెప్టెంబర్ 24న తుది తీర్పులో గ్రిజ్లీలకు చట్టరక్షణ తిరిగి ఇచ్చేశారు. వేట రద్దయింది.

అక్కడితో కథ సుఖాంతమై ఉంటే ఇంత చెప్పుకోవాల్సిన పనే లేదు. వేట ఆగినా గ్రిజ్లీలు మనుషుల వల్ల చనిపోవడం ఆగలేదు. ట్రోఫీ వేటకు వ్యతిరేకంగా జరిగిన పోరాటం నిజమైన గెలుపే. కానీ మొత్తం సమస్యలో అది తేలికైన భాగం. కష్టమైన భాగం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

అసలు ట్రోఫీ వేట అంటే?

కడుపు నింపుకోవడానికి చేసే వేట వేరు, ఇది వేరు. జంతువును చంపి తల, తోలు, పంజాలు ఇంటికి తీసుకెళ్లి గోడకు తగిలించుకోవడం, నేల మీద పరుచుకోవడం.. ఇదీ ట్రోఫీ వేట. మన దగ్గర ఒకప్పుడు జమీందార్ల, సంస్థానాధీశుల బంగళాల్లో పులి తలలు కనిపించేవి కదా, అదే బాపతు. మనదేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ఆ సరదాకు తెరపడింది. అమెరికా, కెనడాల్లో మాత్రం వేట ఇప్పటికీ చట్టబద్ధం. లైసెన్సులు, సీజన్లు, కోటాలు, గైడ్‌లు.. పెద్ద వ్యాపారమే నడుస్తోంది.

2015లో జింబాబ్వేలో సెసిల్ అనే సింహాన్ని ఓ అమెరికన్ డెంటిస్ట్ వేటాడి చంపినప్పుడు ప్రపంచమంతా గగ్గోలు పెట్టింది గుర్తుందా? ఆ కోపం ఉత్తర అమెరికాలో గ్రిజ్లీ వేట వైపు కూడా మళ్లింది. ఎక్కడో ఆఫ్రికాలో సింహం గురించి బాధపడుతున్నాం, మరి మన పెరట్లో జరుగుతున్నదేంటి అన్న ప్రశ్న వచ్చింది.

50 వేల నుంచి వెయ్యి లోపుకు..

అలాస్కాను పక్కనపెడితే, అమెరికా ప్రధాన భూభాగంలో ఒకప్పుడు దాదాపు 50 వేల గ్రిజ్లీలు ఉండేవని అంచనా. తూర్పు నుంచి వలస వచ్చినవాళ్లు పశువుల మందలతో పడమటికి జరిగేకొద్దీ తుపాకులు, ఉచ్చులు, విషంతో వాటిని తుడిచిపెట్టేశారు. కాలిఫోర్నియా రాష్ట్ర జెండా చూడండి. మధ్యలో దర్జాగా నడుస్తున్నది గ్రిజ్లీనే. ఆ రాష్ట్రంలో అది కనిపించి నూరేళ్లు దాటింది. జెండా మీద మిగిలింది, అడవిలో లేదు.

1975లో గ్రిజ్లీని అంతరించిపోతున్న జీవుల పరిరక్షణ చట్టం కింద 'ముప్పులో ఉన్న జాతి'గా చేర్చేనాటికి అలాస్కా బయట మిగిలినవి 700 నుంచి 800. ఎల్లోస్టోన్ ప్రాంతంలోనైతే 136 మాత్రమే అని అంచనా. అంతకుముందు ఎల్లోస్టోన్ పార్కులో ఏం జరిగేదో తెలిస్తే ఆశ్చర్యపోతారు. హోటళ్ల చెత్త తీసుకెళ్లి కుప్పలు పోస్తే ఎలుగులు వచ్చి తినేవి. ఆ దృశ్యం చూడటానికి టూరిస్టుల కోసం బెంచీలు కూడా వేశారు! 1970 ప్రాంతంలో ఆ చెత్తకుప్పలను ఒక్కసారిగా మూసేశారు. తరాలుగా అదే తిండికి అలవాటుపడిన ఎలుగులు క్యాంపుల మీద, ఇళ్ల మీద పడ్డాయి. పడిన వాటిని చంపేశారు. ఎలుగులపై ఏళ్ల తరబడి పరిశోధన చేసిన క్రెయిగ్‌హెడ్ సోదరులు, నెమ్మదిగా మూయండి, లేకపోతే నష్టం జరుగుతుందని ముందే మొత్తుకున్నారు. వినలేదు.

ఇక్కడ ఓ విషయం గమనించాలి. గ్రిజ్లీ కుందేలు కాదు, గబగబా పిల్లల్ని పెట్టడానికి. ఆడ ఎలుగు మొదటిసారి ఈనేది ఐదారేళ్ల వయసు దాటాకే. ఒక్కో ఈతకు మామూలుగా రెండు కూనలు. వాటిని రెండు మూడేళ్లు వెంటేసుకుని పెంచుతుంది, ఆ తర్వాతే మళ్లీ ఈత. ఉత్తర అమెరికా నేల మీద అత్యంత నెమ్మదిగా పెరిగే జంతువుల్లో ఇదొకటి. అందుకే ఒక్క ఆడ ఎలుగు చావు అంటే ఒక్క ప్రాణం పోవడం కాదు, రాబోయే పది పదిహేనేళ్ల కూనలు కూడా పోయినట్టే.

జాబితాలోకి, జాబితా బయటికి.. కోర్టుల చుట్టూ!

చట్టరక్షణ పనిచేసింది. ఇది ఒప్పుకోవాలి. ఎల్లోస్టోన్ ప్రాంతంలో 136గా ఉన్న లెక్క 2017 నాటికి 700 దాటింది, ఇప్పుడు వెయ్యి వరకు ఉందని అంచనా. అక్కడే పేచీ మొదలైంది. సంఖ్య పెరిగింది కాబట్టి ఇక రక్షణ తీసేసి మాకు అప్పగించండి అని వయోమింగ్, ఐడహో, మోంటానా రాష్ట్రాలు పట్టుబట్టాయి.

2007లో కేంద్రం తొలిసారి జాబితాలోంచి తీసింది. 2009లో జడ్జి డొనాల్డ్ మొల్లోయ్ తిరిగి చేర్చారు. కారణం ఓ చెట్టు! కొండల పైభాగాన పెరిగే వైట్‌బార్క్ పైన్ గింజలు గ్రిజ్లీలకు చలికాలం ముందు కొవ్వు పట్టించే తిండి. తెగులు, పురుగు, పెరుగుతున్న వేడితో ఆ చెట్లు నిలువునా ఎండిపోతుంటే ఎలుగుల భవిష్యత్తుకు ఢోకా లేదని ఎలా చెబుతారన్నది కోర్టు ప్రశ్న. 2017 జూన్‌లో అప్పటి ఇంటీరియర్ సెక్రటరీ ర్యాన్ జింకే మళ్లీ తీసేశారు. వయోమింగ్ లాటరీ దాని ఫలితమే. 2018లో క్రిస్టెన్సన్ తీర్పుతో మళ్లీ మొదటికొచ్చింది. 2020లో అప్పీల్ కోర్టు కూడా ఆ తీర్పునే సమర్థించింది.

ఆ కేసు పేరు 'క్రో ఇండియన్ ట్రైబ్ వర్సెస్ యునైటెడ్ స్టేట్స్'. పేరులోనే ఉంది చూడండి. కోర్టుకెక్కినవాళ్లలో పర్యావరణ సంస్థలతో పాటు అక్కడి మూలవాసి తెగలు ముందున్నాయి. వాళ్లకు గ్రిజ్లీ అంటే పూర్వీకుడితో సమానం. 2016లో అమెరికా, కెనడాల్లోని తెగలు గ్రిజ్లీ రక్షణ కోసం ఏకంగా ఓ ఒప్పందమే రాసుకుని సంతకాలు చేశాయి. ఊరేగింపులు, పోస్టర్ల కన్నా ఆ కాగితానికి బరువెక్కువ.

జడ్జి తీర్పులో వేట మంచిదా చెడ్డదా అన్న మాటే లేదు. నా ముందున్న ప్రశ్న అది కాదు అని ఆయనే స్పష్టంగా చెప్పారు. ఆయన అడిగింది రెండే.. ఎల్లోస్టోన్ ఎలుగులను ఒక్కదాన్నే విడగొట్టి రక్షణ తీసేస్తే మిగతా ప్రాంతాల గ్రిజ్లీల సంగతేంటి? చుట్టూ మనుషుల మధ్య దీవిలా చిక్కుకున్న ఈ గుంపుకు బయటి రక్తం ఎలా కలుస్తుంది? ఉత్తరాన గ్లేసియర్ పార్క్ వైపున్న గుంపుకూ దీనికీ మధ్య దూరం 50-60 కిలోమీటర్లే. ఎలుగుకు అదో దూరం కాదు. కానీ మధ్యలో హైవేలు, పశువుల ఫాంలు, ఊళ్లు. దశాబ్దాలు గడిచినా రెండు గుంపులూ కలవలేదు. చివరికి 2024లో అధికారులే రెండు ఎలుగులను ఉత్తరాన పట్టుకుని బండిలో తెచ్చి ఎల్లోస్టోన్ వైపు వదిలారు. నడిచి రావాల్సిన జంతువుకు ట్రాన్స్‌పోర్ట్ ఏర్పాటు చేయాల్సి వచ్చిందన్నమాట.

కెనడాలో మాత్రం రూటు వేరు

సరిహద్దు దాటి బ్రిటిష్ కొలంబియాకు వెళితే కోర్టుల గొడవ లేదు. అక్కడ నడిచింది రాజకీయం. ఆ రాష్ట్రంలో దాదాపు 15 వేల గ్రిజ్లీలు ఉన్నాయని ప్రభుత్వ అంచనా. ఏటా 250 వరకు వేటలో చనిపోయేవి.

ఈ వేటకు మొదట బ్రేక్ వేసిన ప్రభుత్వానికి పెద్ద ఓ భారతీయుడు. పంజాబ్‌లోని జలంధర్ జిల్లాలో పుట్టిన ఉజ్జల్ దొసాంజ్. కెనడాలో ఓ ప్రావిన్స్‌కు ప్రీమియర్ అయిన తొలి భారత సంతతి నేత ఆయనే. 2001 మొదట్లో ఆయన ప్రభుత్వం మూడేళ్లపాటు గ్రిజ్లీ వేటను నిలిపేసింది. ఆ ఏడాదే ఎన్నికల్లో ఓడిపోయారు. కొత్తగా వచ్చిన గోర్డన్ క్యాంప్‌బెల్ ప్రభుత్వం కొన్ని నెలల్లోనే నిషేధాన్ని ఎత్తేసింది. మూడేళ్ల విరామం మూడు పూటల ముచ్చటైంది.

తర్వాత 16 ఏళ్లు ఉద్యమం తీరంలోని మూలవాసి గ్రామాల నుంచి నడిచింది. అక్కడ వాళ్లను ఫస్ట్ నేషన్స్ అంటారు. 2012లో తీరప్రాంత ఫస్ట్ నేషన్స్ తమ సంప్రదాయ భూభాగాల్లో ట్రోఫీ వేటను నిషేధిస్తున్నట్టు సొంతంగా ప్రకటించుకున్నాయి. ప్రభుత్వం ఆ నిషేధాన్ని గుర్తించలేదు, లైసెన్సులు ఇస్తూనే పోయింది. మరుసటి ఏడాదే ఓ ఎన్‌హెచ్‌ఎల్ ఐస్ హాకీ ఆటగాడు అక్కడ ఎలుగును కాల్చి, దాని తలతో ఫొటో దిగాడు. మాంసం నదీ తీరంలో వదిలేసి తల, తోలు, పంజాలు తీసుకెళ్లారు. ఆ ఫొటో బయటికొచ్చాక రాష్ట్రమంతా మండిపడింది. కోర్టు అతనికి 10 వేల డాలర్ల జరిమానా వేసింది. అయితే శిక్ష ఎలుగును చంపినందుకు కాదండోయ్.. లైసెన్సులో స్థానిక నివాసినని చూపించుకున్నాడు, ఆ అర్హత లేదని తేలింది, అందుకు!

మరోవైపు రెయిన్‌కోస్ట్ అనే సంస్థ ఇంకో దారి పట్టింది. బయటి ప్రాంతాల వేటగాళ్లను తీసుకెళ్లే వ్యాపార హక్కులను 2005 నుంచి డబ్బిచ్చి కొనేయడం మొదలుపెట్టింది. హక్కు చేతిలో ఉంచుకుని ట్రోఫీ వేట మాత్రం ఆపేసింది. తెలివైన పనే, కానీ అది బయటి నుంచి వచ్చే కస్టమర్లకే వర్తిస్తుంది. స్థానిక వేటగాళ్లకు ఆ హక్కులతో సంబంధం లేదు, వాళ్ల తుపాకీ వాళ్లదే.

డబ్బు లెక్క కూడా ఉద్యమానికి కలిసొచ్చింది. గ్రేట్ బేర్ రెయిన్‌ఫారెస్ట్ అనే తీరారణ్యంలో ఎలుగులను చూడటానికి వచ్చేవాళ్లు పెట్టే ఖర్చు, వేటకు వచ్చేవాళ్లు పెట్టే ఖర్చుకన్నా 12 రెట్లు ఎక్కువని 2014లో వచ్చిన ఓ అధ్యయనం తేల్చింది. క్లెమ్టు అనే చిన్న ఊళ్లో కిటాసూ తెగవాళ్లు నడిపే స్పిరిట్ బేర్ లాడ్జ్‌కు ప్రపంచం నలుమూలల నుంచి జనం వస్తారు. సాల్మన్ చేపలు ఏటికి ఎదురీదే కాలంలో ఎలుగుల చేపల వేట చూడాలని. ఒక్క ఎలుగును ఒక్కసారే కాల్చగలరు. చూడటానికి మాత్రం దాని బతుకంతా టికెట్ పెట్టొచ్చు.

2017లో జాన్ హోర్గన్ నేతృత్వంలో ఎన్‌డీపీ అధికారంలోకి వచ్చింది. ఆగస్టులో ట్రోఫీ వేటను ఆపుతున్నామని ప్రకటించింది. ఇక్కడే ఓ మెలిక. గ్రేట్ బేర్ రెయిన్‌ఫారెస్ట్ బయట, మాంసం కోసమైతే వేటాడొచ్చట! తల, తోలు, పంజాలు మాత్రం తీసుకెళ్లకూడదు. జనం నవ్వారు, తర్వాత తిట్టారు. వేల డాలర్లు పోసి వచ్చేవాడు గ్రిజ్లీ మాంసం కూర కోసం వస్తాడా? అడవిలో ఎవరు దేన్ని తీసుకెళ్లారో ఎవరు తనిఖీ చేస్తారు? ప్రభుత్వం అభిప్రాయాలు అడిగితే, స్పందించినవాళ్లలో 78 శాతం మంది వేటను పూర్తిగా ఆపేయమన్నారు. డిసెంబర్ 18న ఆ సందు కూడా మూసేశారు. ఇప్పుడు ఆహారం, ఆచారం కోసం ఫస్ట్ నేషన్స్‌కున్న హక్కు తప్ప మిగతా ఎవరికీ అక్కడ గ్రిజ్లీ వేట లేదు.

వేటగాళ్లు ఏమంటున్నారు?

వాళ్ల మాట కూడా వినాలి. 15 వేలల్లో 250 అంటే 2 శాతం కూడా కాదు, దానివల్ల జాతి అంతరించదు, ఇది సైన్స్ కాదు, ఎమోషన్ అంటారు. ఇంకో గట్టి పాయింట్ ఉంది. అమెరికాలో 1937 నాటి చట్టం ప్రకారం తుపాకులు, తూటాల మీద వేసే ప్రత్యేక పన్ను నేరుగా వన్యప్రాణి సంరక్షణకే పోతుంది. దుప్పులు, ఎల్క్‌లు, అడవి టర్కీ కోళ్లు మళ్లీ పెరగడానికి ఖర్చు పెట్టింది మేమే, ఫేస్‌బుక్‌లో పోస్టులు పెట్టేవాళ్లు కాదు అన్నది వాళ్ల వాదన. ఇందులో నిజం లేదని అనలేం.

కాకపోతే ఆ '2 శాతం' లెక్క మీదే అసలు అనుమానం. అడవిలో ఎలుగులను తలకాయలు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టలేరు. వెంట్రుకల డీఎన్‌ఏ, మోడళ్లు, అంచనాలు.. అంతే. బ్రిటిష్ కొలంబియాలో 2001 నుంచి 2011 వరకు వేట రికార్డులను పరిశీలించిన శాస్త్రవేత్తలు, చాలా ప్రాంతాల్లో ప్రభుత్వం తానే పెట్టుకున్న హద్దు కన్నా ఎక్కువ ఎలుగులు చనిపోయాయని 2013లో తేల్చారు. రాష్ట్రం మొత్తానికి సగటు బాగానే కనిపించొచ్చు. ఒక లోయలో ఆడ ఎలుగులు ఖాళీ అయితే ఆ లోయకు సగటుతో పనేంటి?

ఆడిటర్ బాంబు పేల్చారు

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. 2017 అక్టోబర్‌లో, అంటే పూర్తి నిషేధానికి రెండు నెలల ముందు, బ్రిటిష్ కొలంబియా ఆడిటర్ జనరల్ కరోల్ బెల్‌రింగర్ ఓ రిపోర్టు ఇచ్చారు. మన కాగ్ లాంటి వ్యవస్థ అది. గ్రిజ్లీలకు అతిపెద్ద ముప్పు వేట కాదు, వాటి ఆవాసాలను మనుషులు పాడుచేయడమే అని అందులో ఉంది. కలప, గనులు, గ్యాస్ కోసం వేసిన దార్లు ఆ రాష్ట్రంలో 6 లక్షల కిలోమీటర్లున్నాయి. ఏటా మరో 10 వేల కిలోమీటర్లు కలుస్తున్నాయి. మన జాతీయ రహదారులన్నీ కలిపినా ఒకటిన్నర లక్షల కిలోమీటర్లే అని గుర్తు తెచ్చుకుంటే ఆ అంకె తీవ్రత అర్థమవుతుంది.

దారి పడితే ఏమవుతుంది? లారీ వస్తుంది. వెనకే జీపు, క్యాంపింగ్, చెత్త, తుపాకీ.. అన్నీ వస్తాయి. దొంగవేటగాడికీ అదే దారి. ఎలుగు మనుషులున్న చోటికి రావడం కాదు, మనుషులే ఎలుగున్న చోటికి చేరిపోతారు.

నిషేధం ప్రకటించిన రోజు మంత్రులకు చప్పట్లు పడ్డాయి. దార్లు మూసేస్తామంటే చప్పట్లు పడవు, ఉద్యోగాలు పోతాయని ధర్నాలు జరుగుతాయి. ట్రోఫీ వేటగాడు సులువైన విలన్. తల పక్కన కూర్చుని నవ్వుతూ ఫొటో దిగేవాడిని ఎవరైనా అసహ్యించుకుంటారు. ఇంటికి కలప కొనే మనిషినో, హైవే మీద కారు నడిపే మనిషినో విలన్‌గా ఎవరు చూపిస్తారు?

399 కథ

కారు మాటొచ్చింది కాబట్టి 399 గురించి చెప్పాలి. పరిశోధకులు ఇచ్చిన నంబరే దానికి పేరైపోయింది. గ్రాండ్ టెటాన్ పార్కులో తిరిగే ఈ ఆడ గ్రిజ్లీ 1996లో పుట్టింది. 2020లో 24 ఏళ్ల వయసులో ఒకేసారి నాలుగు కూనలతో బయటికొచ్చి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచింది. 2023లో, 27 ఏళ్లకు, మళ్లీ ఓ కూన. మొత్తం 18 కూనల తల్లి. 2007లో తాను తింటున్న ఎల్క్ దగ్గరకు తెలియక వచ్చిన ఓ వ్యక్తిని గాయపరిచింది. కూనలను, తిండిని కాపాడుకోవడం దాని సహజ స్వభావమని అధికారులు దాన్ని వదిలేశారు. ఆ ఒక్క నిర్ణయం వల్ల తర్వాత ఎన్ని కూనలు పుట్టాయో చూడండి.

అది ఎక్కువగా రోడ్ల పక్కనే కూనలను పెంచేది. మగ ఎలుగులు కూనలను చంపేస్తాయి, మనుషులున్న చోటికి అవి రావని దాని లెక్క కావొచ్చు అంటారు నిపుణులు. 2018లో వేట జరిగి ఉంటే, పార్కు గీత దాటి బయటికొచ్చినప్పుడు 399 కూడా తూటాకు దొరికే అవకాశం ఉండేది. కూనలు వెంట ఉన్న తల్లిని కాల్చకూడదన్న నిబంధన ఉన్నా, అందరికీ ఉన్న భయం అదే. మాంగెల్సెన్ ఏళ్ల తరబడి ఫొటోలు తీసింది కూడా దీన్నే.

వేటగాడి చేతికి చిక్కలేదు. 2024 అక్టోబర్ 22న రాత్రి, జాక్సన్ దక్షిణాన హైవే మీద, కారు ఢీకొని చనిపోయింది. వయసు 28. అంతకుముందు 2016లో దాని కూన ఒకటి కూడా వాహనం కిందే పోయింది.

కెనడాలోని బాన్ఫ్ పార్కులో ఇదే సమస్య ఇంకో రూపంలో ఉంది. గూడ్స్ రైళ్ల నుంచి ధాన్యం పట్టాల మీద రాలుతుంది. ఆ గింజల కోసం వచ్చిన ఎలుగులను రైళ్లు గుద్దేస్తాయి. అదే పార్కులో హైవే మీద మాత్రం కంచెలు కట్టి, పైనుంచి చెట్లతో వంతెనలు, కింద సొరంగ దారులు కట్టారు. ఆ మార్గంలో జంతువుల ప్రమాదాలు 80 శాతానికి పైగా తగ్గాయి. అంటే మందు ఉంది, ఖరీదే ఎక్కువ.

వేసవిలో అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్లే మన తెలుగు తల్లిదండ్రులు ఎల్లోస్టోన్ ట్రిప్ వేసుకోవడం ఇప్పుడు మామూలైపోయింది. రోడ్డు పక్కన ఎలుగు కనిపిస్తే కార్లన్నీ ఆగిపోతాయి, దాన్ని అక్కడ 'బేర్ జామ్' అంటారు. ఎలుగుకు 100 గజాల లోపు వెళ్లకూడదన్నది పార్కు రూల్. సెల్ఫీ కోసం ముందుకెళ్లేవాళ్లకు ఫైన్ పడుతుంది. మనుషులకు అలవాటుపడి దాడికి దిగిన ఎలుగుకైతే మరణశిక్షే.

భరించేది ఎవరు?

సిటీలో కూర్చుని ఎలుగును ప్రేమించడం తేలిక. మోంటానాలో దూడలను పోగొట్టుకున్న రైతుకు, పిల్లలు స్కూల్ బస్ ఎక్కే చోట గ్రిజ్లీ అడుగులు చూసిన తల్లికి అది వేరే విషయం. మనకు ఈ బాధ కొత్తేం కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడి, పనస తోటల్లోకి వచ్చే ఎలుగుల వల్ల జనం ఎంత భయంతో బతుకుతున్నారో తెలుసు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఓ ఎలుగు ఒకరిని చంపింది, పలువురిని గాయపరిచింది. పట్టుకున్నాక ఎలుగూ చనిపోయింది. మన ఎలుగు వేరే జాతి, మన చట్టంలో వేట అన్న మాటే లేదు. అయినా గొడవ అదే గొడవ. నిషేధం ఒక్కటే రైతును, ఎలుగును కాపాడలేదనడానికి అది చాలు.

మోంటానాలోని బ్లాక్‌ఫుట్ లోయలో పశువుల యజమానులే కలిసి ఓ దారి వెతుక్కున్నారు. చచ్చిన పశువులను పొలంలో వదలకుండా బండి పెట్టి ఎత్తించేయడం, దూడలు ఈనే దొడ్లకు, తేనెపెట్టెలకు కరెంటు కంచె, మందల వెంట గుర్రం మీద కాపలా మనిషి. ఏళ్ల తరబడి చేశాక గొడవలు బాగా తగ్గాయి, ఎలుగులు మాత్రం పెరిగాయి. అందులో హీరోలు లేరు, వైరల్ ఫొటోలు లేవు. అందుకేనేమో పెద్దగా వార్తల్లోకి రాదు.

ఇప్పుడేం జరుగుతోంది?

గాలి మళ్లీ ఎదురు తిరుగుతోంది. అల్బర్టాలో 2006లో గ్రిజ్లీ వేట ఆపేశారు, 2010లో ముప్పులో ఉన్న జాతిగా ప్రకటించారు. 2024లో అక్కడి ప్రభుత్వం కొత్త రూల్ తెచ్చింది. పశువులను చంపే, మనుషుల మీదికొచ్చే 'సమస్య ఎలుగుల'ను చంపడానికి ఎంపికచేసిన ప్రజలను పిలుస్తారట. ఇది వేట కాదు, భద్రత కోసం అని మంత్రి టాడ్ లోయెన్ అంటున్నారు. దొడ్డిదారిన వేటే కదా అని పర్యావరణవాదులు అడుగుతున్నారు. బ్రిటిష్ కొలంబియాలో కూడా గ్రిజ్లీల నిర్వహణపై 2023లో వచ్చిన ముసాయిదా చూసి, వేటకు మళ్లీ తలుపు తీస్తున్నారా అన్న అనుమానాలు లేచాయి. అలాస్కాలో, కెనడా ఉత్తరాన యూకాన్‌లో వేట ఎప్పుడూ ఆగలేదన్నది కూడా మర్చిపోకూడదు.

అమెరికాలో 2025 జనవరిలో బైడెన్ ప్రభుత్వం వెళ్లిపోయే ముందు వన్యప్రాణి శాఖ ఓ నిర్ణయం చెప్పింది. వయోమింగ్, మోంటానా పిటిషన్లను తోసిపుచ్చింది. గ్రిజ్లీలను ముక్కలుగా విడగొట్టకుండా వాషింగ్టన్, ఐడహో, మోంటానా, వయోమింగ్‌లలో ఒకే గుంపుగా చూస్తూ రక్షణ కొనసాగించాలని, అయితే రైతులకు, భూయజమానులకు కొంత వెసులుబాటు ఇవ్వాలని ప్రతిపాదించింది. క్రిస్టెన్సన్ అడిగిన ప్రశ్నకు ఓ రకంగా జవాబు అది.

అదే నెలలో వయోమింగ్ రిపబ్లికన్ సభ్యురాలు హ్యారియెట్ హేజ్‌మన్ ప్రతినిధుల సభలో బిల్లు పెట్టారు. 2017 నాటి నిర్ణయాన్నే మళ్లీ జారీ చేసి, ఎల్లోస్టోన్ గ్రిజ్లీలను జాబితాలోంచి తీసేయాలన్నది దాని సారాంశం. బిల్లు చాలా చిన్నది. కానీ అందులో ఒక వాక్యం కీలకం.. ఈ నిర్ణయాన్ని కోర్టుల్లో సవాలు చేయడానికి వీల్లేదు. అంటే 2018 ఆగస్టు 30న జరిగినట్టు ఏ జడ్జీ ఆఖరి నిమిషంలో ఆపలేరు. ఇలా జరగదులే అనుకోవడానికి లేదు. 2011లో తోడేళ్ల విషయంలో కాంగ్రెస్ సరిగ్గా ఇదే చేసింది. బడ్జెట్ బిల్లులో ఓ చిన్న నిబంధన కలిపి జాబితాలోంచి తీసేసింది, కోర్టు తలుపులు మూసేసింది. ఆ ఏడాది చలికాలం రాకముందే ఐడహో, మోంటానాల్లో తోడేళ్ల వేట మొదలైంది.